ఫొటో వెనక్కి తిప్పండి

సగం దించిన షట్టర్ కింద తల వంచి లోపలికి రండి. బాన్సువాడ బస్టాండు హారన్లు ఇక్కడిదాకా వినబడుతున్నాయి. ముందు గదిలో కంప్యూటరు, పాస్‌పోర్టు ఫొటోల కోసం కట్టిన తెల్ల గుడ్డ. మన పని వెనక గదిలో. ఒకప్పుడు అది డార్క్‌రూము.

స్టూడియో పెద్దాయన అటక మీంచి రేకు డబ్బా దించాడు.

"చేతులు కడుక్కోని ముట్టుండ్రి సారూ."

మూత తీయగానే ముక్కుకు పుల్లటి వాసన. అసిటేట్ ఫిల్ము చెడిపోతోందని గుర్తు అది. ఆ నెగెటివులను ముందు వేరే పెట్టండి. ఆ ఆవిరికి పక్కనున్న ఫిల్ము కూడా త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు ఫొటోలు. అంచులు పట్టుకుని ఒకటి తీయండి. కిటికీ వెలుగులో ఏటవాలుగా వంచితే నల్లటి చోట్ల నీలి మెరుపు కనిపిస్తుంది. కాగితంలోని వెండి ఏళ్ల తరబడి పైకి తేలిన ఆనవాలు. కొత్తగా తీసిన కాపీలో ఇది ఉండదు.

ఫొటోలో కొత్త జంట. వెనక రంగుల మేడ, మెట్లు గీసిన తెర. పెళ్లికొడుకు ఎడమ చెయ్యి ముందుకు చాపి వాచీ చూపిస్తున్నాడు. ఇంకో జంట, ఇంకో జంట. వాచీ మాత్రం అదే! పెద్దాయన నవ్వాడు. "మా నాయినది సార్. ఫొటోకు కూసున్నోళ్లందరికీ అదే పెడ్తుండె." వెనక ముద్ర లేకపోయినా ఆ తెర, ఆ వాచీ స్టూడియో ఏదో చెప్పేస్తాయి. ఎవరి పెళ్లో మాత్రం చెప్పవు.

అరుదైన ఫొటోలనగానే సేకర్తలకు రాజా దీన్ దయాళ్ గుర్తొస్తాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన ఫొటోలతో లెపెల్ గ్రిఫిన్ 1886లో తెచ్చిన మధ్య భారత కట్టడాల పుస్తకం చేతికి దొరికితే పండగే. ఆయన గాజు నెగెటివులు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ఆయన నెగెటివుల మీద నంబర్లు వేసేవాడు. అందుకే ఎక్కడో ఆల్బంలో తేలిన ఫొటోను కూడా మూల పలకతో జతపరచగలుగుతున్నారు. మన డబ్బాలో నవాబులు లేరు, నంబర్లూ లేవు. పేరు పోతే ఇక్కడి మనిషి పూర్తిగా పోయినట్టే.

అడుగున ఒక చిన్న ఫొటో. కట్ట మీద ముగ్గురు మగవాళ్లు, ఒకాయనకు రుమాలు. వెనక నురగలు కక్కుతున్న నీళ్లు. తిప్పి చూడండి. ఖాళీ.

పెద్దాయన అమ్మనన్నాడు. ఫోనులో కాపీ తీసుకోమన్నాడు, ఒక షరతు మీద: "పేర్లు దొరికితే నాకు జెప్పాలె."

రోడ్డు దాటి చాయ్ హోటల్‌కు వెళ్దాం. బల్ల దగ్గర ముగ్గురు ముసలాళ్లు. ఫోను చేతులు మారింది.

"పోచారం కట్ట గిది."

"పోచారంల అలుగు పారుతది. గేట్లు కనబడ్తలేవా? నిజాంసాగరే!"

నిజాంసాగర్ అంటే ఈ వైపు పొలాలకు మంజీర నీళ్లిచ్చే ప్రాజెక్టు. 1923లో మొదలై 1931లో పూర్తయింది. గేట్లు ఎత్తిన రోజు చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలేవట. రుమాలాయన ఎవరో మొదటి తాత చెప్పాడు. పక్కనున్నది ఆయన బామ్మర్ది అని రెండో తాత.

మళ్లీ స్టూడియోకు వెళ్లి, ఫొటోను అట్ట మీద పెట్టి, మెత్తటి పెన్సిలుతో వెనక అంచున నెమ్మదిగా రాయండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తిడి ముందువైపుకు తేలుతుంది. రెండు పేర్లు, ఊరు, నిజాంసాగర్. చెప్పిన తాతల పేర్లు కూడా.

మూడో ఆయన కోసం బోధన్ బస్సు ఎక్కాలట. ఆ బామ్మర్ది చెల్లెలు అక్కడే ఉంటుందని, ఇంకా బాగానే గుర్తుపడుతుందని చెప్పారు.