నక్షత్రం తగిలించుకున్న ఆపిల్

ఆపిల్‌ను రష్యన్లు యాబ్లొకొ అంటారు, సెర్బులు యాబుకా అంటారు. పోలిష్ వాళ్లు రాతలో నడుమ ఒక ‘ల’ వంటి అక్షరం ఉంచుకుంటారు గానీ, పలికేటప్పుడు ‘యాప్కో’ అని తేల్చేస్తారు. వీటన్నిటికీ తల్లిగా పండితులు కట్టిన రూపం *ఆబ్లుకో. ముందున్న నక్షత్రం గుర్తు చెప్పేదేమంటే, ఈ మాట రాతలో దొరికింది కాదు, పిల్ల భాషలను పోల్చి కట్టింది. ఈ భాషలవాళ్ల పూర్వీకులైన స్లావులకు లిపి అమరిందే 9వ శతాబ్దంలో, సిరిల్, మెథోడియస్ అన్నదమ్ముల చలవతో. *ఆబ్లుకోలోని ‘ఉ’ పలికీ పలకనంత పొట్టిది. తర్వాత పోలిష్‌లో అది రాలిపోయింది, ఆ నాలుక ‘ల’ను కూడా మింగేసింది.

జర్మన్ అప్‌ఫెల్, వెల్ష్ అవల్, ఇంగ్లీషు ఆపిల్ దీనికి దాయాదులే. అంటే మనం పళ్లబండి దగ్గర అడిగే ఆపిల్ కూడా ఆ ఇంటి పేరుదే. సంస్కృతంలో మాత్రం దీని జాడ లేదు. పైగా ఇండో-యూరోపియన్ మూలభాషలో ‘బ’ బహు అరుదు. అందుకే ఇది యూరప్‌లోని ఏ పాత భాష నుంచో తెచ్చుకున్న అరువని కొందరంటారు. నా మొగ్గూ అటే. అరువైనా పాత అరువే: బాల్టిక్, స్లావిక్ భాషల్లో పాత గ, ద, బల ముందు హ్రస్వం దీర్ఘమవుతుందని వెర్నర్ వింటర్ 1970లలో చూపాడు. *ఆబ్లుకోలోని ‘ఆ’ అలా సాగిందే.

చివరి ‘కో’ మొదట ‘చిన్న’ అనే అర్థమిచ్చే ప్రత్యయం. మాట నపుంసకలింగం. బహువచనం *ఆబ్లుకా. రెండు పళ్లయితే *ఆబ్లుత్సే. సంస్కృతంలో ఫలం, ఫలే, ఫలాని అని వల్లించినవారికి ఆ ‘ఏ’ కొత్త కాదు, రెండు చోట్లా ద్వివచన ప్రత్యయం ఒకటే. మరి ‘క’ ఎందుకు ‘త్స’ అయింది? వెనకున్న ‘ఏ’ లాగింది. కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’ అయినట్టే, తాలవ్యాచ్చు ముందు ‘క’ తరచూ నిలవదు.

తర్వాత చాలా స్లావిక్ భాషలు ద్వివచనాన్ని వదిలేశాయి. స్లొవేనియాలో మాత్రం ఇప్పటికీ మూడు పళ్లు కొంటే ‘త్రి యాబొల్కా’, రెండు కొంటే ‘ద్వే యాబొల్కి’. ‘త్స’ పోయి ‘క’ తిరిగొచ్చింది, జంట లెక్క మాత్రం చెదరలేదు.