శ్రీబాగ్‌లో ఇచ్చిన మాట

1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం ‘శ్రీబాగ్’లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. ఆంధ్ర రాష్ట్రం రావాలంటే ముందు అందులో కోస్తాదే పైచేయి అవుతుందన్న సీమవాసుల అనుమానం తీరాలి. అది ఊరికే పుట్టిన అనుమానమూ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా దశ తిరిగింది; 1926లో విశ్వవిద్యాలయమూ కోస్తాకే దక్కింది. సీమకు మిగిలింది కరువు.

అందుకే ఒడంబడికకు నీళ్లే ఆయువుపట్టు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల్లో పదేళ్లపాటు, అవసరమైతే ఆపైనా, సీమకు ప్రాధాన్యం. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కూ సీమదే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయింది. మూడేళ్ల ముచ్చటే! 1956 నవంబరు 1న హోదా హైదరాబాదుకు తరలిపోయింది. అదలా ఉంచినా, చట్టబలం లేని నీటి హామీని సీమ ఉద్యమకారులు నేటికీ గుర్తు చేస్తూనే ఉన్నారు.