కర్రీ పాయింట్ పప్పు, అమ్మ వండిన పప్పు

సాయంత్రం ఏడు దాటితే దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కర్రీ పాయింట్ల ముందు హాస్టల్ పిల్లలు గుమిగూడతారు. గరిటెడు గోంగూర పప్పు కవర్లో పోసి, మూతి మెలితిప్పి, రబ్బరు బ్యాండు చుట్టి చేతిలో పెడతారు. ఆ పప్పు జీడీపీలో ఉంది. బిల్లు లేకపోయినా ఉంది. ఇలాంటి చిన్న వ్యాపారాలను సర్వే చేసి, ఒక్కో మనిషి పనివల్ల ఎంత విలువ చేరుతోందో తేల్చి, పనిచేసేవాళ్ల సంఖ్యతో హెచ్చవేస్తారు. అదే పప్పు ఎల్బీనగర్‌లో మా అమ్మ వండితే కందిపప్పు, గ్యాసు లెక్కకొస్తాయి. ఆమె కష్టం రాదు.

లెక్కకొచ్చే పనికీ రాని పనికీ మధ్య ఈ గీత పడింది చాలా దూరంలో. మహామాంద్యంలో దేశాదాయం ఎంత పడిపోయిందో చెప్పమని అమెరికా సెనేట్ అడిగితే, 1934లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ నివేదిక ఇచ్చారు. ఇల్లాళ్ల పనిని వదిలేశారు. వదిలేసినట్టు దాచకుండా రాశారు కూడా. విలువ కట్టడానికి సరైన ఆధారం దొరకలేదన్నది ఆయన ఇబ్బంది. అదే ఏడాది మరో ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ తన పుస్తకంలో ఒక పరీక్ష పెట్టారు: డబ్బిచ్చి మరొకరితో చేయించుకోగలిగిన ఇంటిపని ఏదైనా ఉత్పత్తే. కర్రీ పాయింట్ కంటే దానికి సాక్ష్యం ఏం కావాలి? అయినా లెక్కల పుస్తకంలో ఆమె మాట చెల్లలేదు.

1949లో గణాంకవేత్త మహలనోబిస్ అధ్యక్షతన మన జాతీయాదాయ కమిటీ ఏర్పడినప్పుడు సలహాదారుల్లో కుజ్నెట్స్ ఒకరు. 1953లో జాతీయాదాయ లెక్కలకు ఐక్యరాజ్యసమితి పద్ధతి వచ్చింది. రైతు పండించి ఇంట్లోనే తిన్న వడ్లు లెక్కలోపలికి వచ్చాయి. అన్నం వండటం బయటే ఆగిపోయింది.

నాకు మింగుడుపడనిది సొంతింటి సంగతి. సొంతింట్లో ఉండేవాళ్లు ఎవరికీ అద్దె కట్టరు. అయినా అద్దెకిస్తే ఎంత వస్తుందో ఊహించి, ఆ మొత్తాన్ని జీడీపీలో కలుపుతారు. రూపాయి చేతులు మారని గోడలకు ధర కట్టగలిగినవాళ్లు, ఆ గోడల మధ్య పొద్దున్నే స్టవ్ వెలిగించే మనిషికి కట్టలేరా?

2019లో ప్రభుత్వం దేశమంతటా మొదటిసారి సమయ వినియోగ సర్వే చేసింది. తమ ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని చేస్తున్నారని తేలింది. కుజ్నెట్స్‌కు దొరకని ఆధారంలో సగం అది. మిగతా సగం, అంటే ధర, మా సందు చివర కర్రీ పాయింట్ పలకమీద సుద్దముక్కతో రాసి ఉంటుంది.