లక్కపలక కాపాడిన పాట

హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్సు కాలిబాటలమీద పాత పుస్తకాలు అమ్ముతారు. ఇటీవల అక్కడ పుస్తకాలనడుమ నాకొక గ్రామఫోను రికార్డు దొరికినది. పగులుతుందేమోనన్న భయంతో దానిని రెండు చేతులా పట్టుకొని నాంపల్లివరకు నడిచాను. పేరుచీటీ చెరిగిపోయినందున అది ఎవరి పాటయో తెలియలేదు. ఇట్టి నల్లని పలకవల్లనే మనకు దక్కిన పాట ఒకటి ఉన్నది. అది ‘మా తెలుగు తల్లికి’.

ఆ పాటను శంకరంబాడి సుందరాచారిగారు (1914–1977) 1942లో ‘దీనబంధు’ చిత్రంకొరకు వ్రాశారు. చిత్రంలో దానికి చోటు దొరకలేదు. తరువాత హెచ్.ఎం.వి. వారు టంగుటూరి సూర్యకుమారిగారిచేత (1925–2005) పాడించి, రికార్డుగా విడుదలచేశారు. చిత్రం వదలిన పాట ఆ విధంగా జనంలోనికి వచ్చినది.

ఆనాడు రికార్డును ఎట్లా తయారుచేసేవారు? గాయని కంఠధ్వని మైక్రోఫోనులో విద్యుత్ప్రవాహంగా మారేది. ఆ ప్రవాహం ఒక సూదిని అటూ ఇటూ కదిలించేది. తిరుగుతున్న మైనపుబిళ్లమీద ఆ సూది వంకరలు తిరిగిన సన్నని గాడిని కోసేది. బిళ్లకు లోహపుపూత పట్టించి అచ్చు తీసేవారు. లక్క, రాతిపొడి, మసి కలిపిన ముద్దను వేడిచేసి ఆ అచ్చుతో వత్తితే రికార్డు సిద్ధమయ్యేది. లక్క అంటే మోదుగ, రేగువంటి చెట్లమీద పెరిగే చిన్న పురుగు స్రవించే పదార్థమే.

పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. ఒక ప్రక్క సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. అనగా 234 చుట్లు! ఆ గాడిని చక్కగా సాగదీయగలిగితే పొడవు 100 మీటర్లు దాటుతుంది. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. పల్లవి, చరణాలు, వాద్యాలు అన్నీ ఆ మూడు నిమిషాలలో ఇమడవలసిందే.

1975లో హైదరాబాదులో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలలో ఈ పాట వినిపించినది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమయినది. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైన తరువాతకూడ ఆంధ్రప్రదేశ్‌లో ఆ గౌరవం దానికే ఉన్నది.

ప్రసిద్ధమైన పాటకు ప్రతులు అనేకం. పేరు తెలియని పాటకు మిగిలిన ప్రతి ఒక్కటే కావచ్చును. కనుక మీ ఇంట పాత రికార్డులుంటే నిలువుగా నిలిపి ఉంచండి. వాటిని స్పిరిటుతో తుడవకండి. లక్క స్పిరిటులో కరిగిపోతుంది. మొద్దుబారిన సూదితో పాడించకండి, గాడి అరిగిపోతుంది. గాడి అరిగినచో అందులోని కంఠం మరల రాదు.