హిరోషిమా త్రికోణ యంత్రము



మోటారుబండి ఇంజనులో పిస్టను మీఁదికిని క్రిందికిని ఆడునని మీరెఱుఁగుదురు. మన యూళ్ల పిండిమరలయందు పూర్వము నడచిన నూనె ఇంజనును విప్పి బాగుచేయుట చూచినవారు మీలో పలువురుందురు. సిలిండరు అరిగినచో లోపల కొంచెము తొలిచి, అంతకుఁ దగిన పెద్ద పిస్టనును వేసి మరల నడపింతురు. తొలిచి నిలుపుకొనుటయే ఆ విద్యకు మూలము. ఆ మూలమే చెల్లని యింజను కథను నేఁడు విన్నవించెదను.

1920వ సంవత్సరమున హిరోషిమా నగరమున కార్కు సరకులు చేయుటకై యొక సంస్థ వెలసెను. అదియే తరువాత తోయో కోగ్యో యై, మూఁడు చక్రముల బండ్లు చేసి, తుదకు మజ్దా యను పేరు వహించినది. 1945 ఆగస్టు 6వ తేదీని నగరముపై అణుబాంబు పడినప్పుడు నడుమ నొక కొండ యడ్డుపడుటచే కర్మాగారము చాలవఱకు నిలిచెను. కాలిపోయిన ప్రభుత్వ కార్యాలయములు కొంతకాలము దానిలోనే నడచినవి.

1960 ప్రాంతమున జపాను ప్రభుత్వము చిన్న మోటారు సంస్థలను పెద్దవానిలోఁ గలుపఁదలఁచెను. తనదని చెప్పుకొనఁదగిన విద్య లేనిచో సంస్థ పేరైనను మిగులదని దాని యధిపతి మాత్సుదా త్సునేజి యెంచి, 1961లో జర్మనీ దేశపు ఎన్‌ఎస్‌యూ సంస్థతో నొడంబడిక చేసికొనెను. ఫెలిక్స్ వాంకెల్ అనువాని యూహనుండి పుట్టిన త్రికోణపు టింజను అచ్చట సిద్ధమగుచుండెను.

గానుగలో రోకలి యొరగి తిరుగుట మీరు చూచియున్నారు గదా! పోలిక సగమే చెల్లునుగాని, ఈ యింజను నడక తెలియుటకు అది చాలును. నడుము కొంచెము నొక్కిన కోడిగ్రుడ్డు వంటి గూటిలో, ప్రక్కలుబ్బిన త్రికోణపు రోటరు ఒరగి తిరుగుచుండును. రోటరు ఒక్కమాఱు తిరుగునప్పటికి నడిమి యిరుసు మూఁడుమాఱులు తిరుగును. పెట్రోలు ఆవిరిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగ వెడలించుట అను నాలుగు పనులును రోటరు మూఁడు ముఖములయందును వరుసగా జరుగుచుండును. వాల్వులు లేవు, గూటి గోడలలోని రంధ్రములే ద్వారములు.

చిక్కంతయు మూఁడు కొనలయందే యున్నది. ఒక్కొక్క కొనకు సన్నని పలక యొకటి అమర్పఁబడి గూటిని రాచుకొనుచు గాలిని బంధింపవలెను. దీనిని సీలందురు. 1963లో యమమోతో కెనిచి నాయకుఁడుగా నలువదియేడుగురు ఇంజనీర్లు ఈ పనికి నియుక్తులైరి. యమమోతో మొదట కర్మాగారములో గేరుపెట్టెలు బిగించుచు పైకి వచ్చినవాఁడు. ప్రభువునకై ప్రాణములిచ్చిన 47 మంది యోధుల కథ జపానీయులకు కంఠస్థము గనుక వీరికిని ఆ పేరే కలిగెను. వీరు నడపిన ఇంజనుల గూళ్లలో కొంతసేపటికే అడ్డగీఁతలు పడెడివి. వానికి వారు పెట్టిన పేరు దయ్యపు గోళ్ల గీఁతలు. తుదకు బొగ్గునందు అల్యూమినియమును ఇంకించి చేసిన సీలు ఆ గీఁతలను మాన్పెను. 1967 మే నెలలో కాస్మో స్పోర్టు అను బండి వెలువడెను. రోటర్లు రెండు, ఒక్కొక్కదాని పరిమాణము 491 ఘన సెంటీమీటర్లు, బలము 110 గుఱ్ఱములది. 1972 వఱకు చేసినవి 1,176 మాత్రమే. తరువాత 1978లో ఆర్ఎక్స్-7 వచ్చి వేలకొలఁది జనుల చేతఁ బడెను.

ఇఁక బాగుసేఁతకు వత్తము. గూటి లోపలి క్రోమియపు పూఁత ఊడినచో పిండిమర ఇంజనువలె తొలుచుటకు వీలులేదు. గూటినే మార్చవలెను. కాస్మో గూళ్లు చేసినవే కొలఁది. కావున ఇంజనును విప్పువాఁడు మొట్టమొదట చూచునది సీళ్లను గాదు, గూటి యంచులను. మఱియొక చిక్కు నీటిది. అల్యూమినియపు గూడును, ఇనుప ప్రక్కపలకలును వేఁడికి సమానముగా వ్యాకోచింపవు. ఒక్కమాఱు నీరు తక్కువై ఇంజను కాఁగెనా, నడుమనున్న రబ్బరు వలయములు చెడి నీరు లోపలికి దిగును.

బలము పెంచుట యందును ఈ విద్య వేఱు. వాల్వులు లేనందున ద్వారములను పెద్దవి చేయుటయే యుపాయము. ఆకురాతితో ద్వారము నంచు కొలఁదిగా అరుగఁదీయుట మొదటి మెట్టు. ద్వారము ప్రక్క కనుబొమవలె మఱియొక చీలికను కోసి, సీలు జాఱుటకు నడుమ సన్నని వారధిని విడుచుట రెండవది. గూటి గోడకే బెజ్జము వేయుట మూఁడవది. ఇది పందెపుబండ్ల పని. మెట్టు పెరిగినకొలఁది బలము హెచ్చును గాని, నిలుకడగా మెల్లగా నడచుట పోవును, పెట్రోలు ఖర్చు పెరుగును. పడుచువారు మూఁడవ మెట్టుకే పరుగిడుదురు. సంతకు పోవు బండికి పందెపు బెజ్జమెందుకో నాకు బోధపడదు.

టర్బో గల బండ్లలో గాలి యొత్తిడిని అతిగాఁ బెంచినచో ఆవిరి అకాలమున ప్రేలి సీలు విరుగును. విరిగిన ముక్క గూటిని గీఁకి పాడుచేయును. అందుచే కొందఱు రోటరు గాడిని వెడల్పుచేసి, రెండు మిల్లీమీటర్ల సీలునకు బదులు మూఁడు మిల్లీమీటర్లది వేయుదురు. సీళ్లకు నూనె నందించు పంపును దీసివేసి పెట్రోలులోనే నూనె కలుపువారును గలరు.

1973లో పెట్రోలు కఱవు వచ్చినప్పుడు ఈ యింజను త్రాగుఁబోతని పేరుపడి సంస్థ నష్టముల పాలయ్యెను. ఐనను 1991లో ఫ్రాన్సు దేశమున లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమును నాలుగు రోటర్ల బండితో గెలిచెను. ఆర్ఎక్స్-7 2002లోను, తరువాతి ఆర్ఎక్స్-8 2012లోను నిలిచిపోయినవి. నాఁటి పాత బండ్ల కొన్ని భాగములను సంస్థయే మరల చేసి యిచ్చుచున్నది. గూళ్లు లేనివారు పాడుబండ్లను వెదకి కొనుచున్నారు.

బాగుచేసిన ఇంజనును మరల బిగించిన పిమ్మట మంట వేయక త్రిప్పి గాలియొత్తిడిని కొలుతురు. ఒక్కొక్క రోటరునకు వరుసగా మూఁడు ఊపిరులు, ముఖమున కొకటి, వినవచ్చును. మూఁడును సమానమైనచో బండిలో ఎక్కింతురు. ఒకటి నీరసముగా నున్నచో పొడవైన బోల్టులన్నియు విప్పి మొదటినుండి చేయవలసినదే.