ఫిలిపినో వాక్య నిర్మాణం

ఫిలిపినో భాష ఫిలిప్పీన్స్ దేశపు జాతీయ భాష. ఇది ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబానికి చెందినది. మనీలా పరిసరాలలో మాట్లాడే తగాలోగ్ భాష దీనికి ఆధారం. తగాలోగ్‌ను జాతీయ భాషకు ప్రాతిపదికగా 1937లో అధ్యక్షుడు మాన్యుయెల్ కెజోన్ ప్రకటించాడు. 1959లో ఈ జాతీయ భాషకు పిలిపినో అని పేరు పెట్టారు. 1987 నాటి రాజ్యాంగం దానిని ఫిలిపినో అని పేర్కొన్నది. వ్యాకరణం దృష్ట్యా తగాలోగ్‌కు, ఫిలిపినోకు చెప్పుకోదగిన భేదం లేదు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, ఫిలిపినో వాక్యం క్రియతో మొదలవుతుంది. అయితే నేర్చుకొనేవారికి కష్టం కలిగించేది ఈ క్రమం కాదు, క్రియారూపానికీ నామాలకూ ఉన్న సంబంధం.

ఈ భాషను రోమన్ లిపిలో వ్రాస్తారు. తెలుగులో వాఙ్మయం వంటి కొద్ది మాటలలో మాత్రమే కనబడే ఙకారం ఇక్కడ నిత్యవ్యవహారంలో ఉన్నది, పదాదిలో కూడా వస్తుంది (ఙయోన్ - ఇప్పుడు).

క్రియ లేని వాక్యాలు

"గురో అఙ్ బబాయె" అంటే "ఆ స్త్రీ ఉపాధ్యాయురాలు" అని అర్థం. గురో అన్న మాట సంస్కృతంలోని గురు శబ్దమే. తెలుగులో వలెనే ఇక్కడ కూడా "ఉండు" అనే అర్థమిచ్చే క్రియ అవసరం లేదు. చెప్పదలచిన విషయం ముందు, ఎవరిని గురించి చెబుతున్నామో ఆ నామం తరువాత వస్తాయి. ఆ నామానికి ముందు ఉండే "అఙ్" అనే చిన్న మాటే ఈ వ్యాకరణానికి కీలకం.

క్రియ, అఙ్ సంబంధం

కొనుట అనే అర్థం గల "బిలి" ధాతువును చూడవచ్చు.

బుమిలి అఙ్ బబాయె నఙ్ ఇస్దా - ఆ స్త్రీ చేపలు కొన్నది.
బినిలి నఙ్ బబాయె అఙ్ ఇస్దా - ఆ చేపను ఆ స్త్రీ కొన్నది.
ఇబినిలి నఙ్ బబాయె నఙ్ ఇస్దా అఙ్ బాతా - ఆ పిల్లవాడి కోసం ఆ స్త్రీ చేపలు కొన్నది.

మొదటి వాక్యంలో ధాతువు మధ్య చేరిన "ఉమ్", అఙ్ గల నామం కర్త అని తెలుపుతుంది. రెండవ దానిలో "ఇన్" చేరినందువల్ల అఙ్ గల నామం కర్మ అవుతుంది. మూడవ దానిలో ముందు చేరిన "ఇ" వల్ల అది ఎవరి కోసమో తెలుస్తుంది. తెలుగులో నామానికి చేరే విభక్తి చేసే పనిలో అధిక భాగాన్ని ఫిలిపినోలో క్రియ చేస్తుంది.

రెండవ వాక్యాన్ని కర్మణి ప్రయోగంగా భావించడం చాలాకాలంగా ఉన్న అలవాటు. లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1917లో ప్రచురించిన తన గ్రంథంలో ఇటువంటి రూపాలను కర్మణి రూపాలుగానే వర్గీకరించాడు. పాల్ షాక్టర్, ఫే ఓటానెస్ 1972లో వెలువరించిన వ్యాకరణంలో ఆ పేరును విడిచిపెట్టారు. ఇదే సమంజసంగా తోస్తుంది. తెలుగులో "కొనబడినది" అన్న రూపం గ్రంథాలకూ కార్యాలయ పత్రాలకూ పరిమితం, అందులో కర్తను తరచు వదిలివేస్తారు. "బినిలి" బజారులో పలికే మాట, కర్త అందులో నిలిచే ఉంటాడు. పైగా కర్మ ఒక నిర్దిష్ట వస్తువైనప్పుడు సాధారణంగా ఈ రూపమే వాడవలసి ఉంటుంది.

విధ్యర్థకంలో కూడా ఈ భేదం ఉన్నది. "ఉమినోమ్ పో కాయో నఙ్ గమోత్" అంటే "ఏదైనా మందు వేసుకోండి" అని. "ఇనుమిన్ పో నిన్యో అఙ్ గమోత్" అంటే "ఆ మందు వేసుకోండి" అని. (మాత్రలకు కూడా "త్రాగు" ధాతువునే వాడతారు.) ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వైద్యవిద్యకై ఫిలిప్పీన్స్ వెళ్ళే విద్యార్థులు రోగులతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గమనించక తప్పదు. ఏ మందో చెప్పవలసిన చోట ఏదో ఒక మందు అని చెప్పడం చిన్న పొరపాటు కాదు. దవావో వంటి దక్షిణాది నగరాలలో వాడుక భాష సెబువానో అయినప్పటికీ, దాని వాక్యాలు కూడా ఇటువంటి పద్ధతిలోనే నడుస్తాయి.

కాలం

క్రియ కాలాన్ని కాక, పని జరిగిన తీరును తెలుపుతుంది. బుమిలి (పని పూర్తయినది), బుమిబిలి (జరుగుతున్నది), బిబిలి (ఇంకా మొదలు కాలేదు). ధాతువులోని మొదటి అక్షరం రెట్టించబడితే పని పూర్తి కాలేదని గ్రహించాలి. "బుమిబిలి" సందర్భాన్ని బట్టి "కొంటున్నది", "కొంటూ ఉండేది" అని రెండు విధాల అర్థమిస్తుంది.

వ్యతిరేకార్థం

తెలుగువారికి ఇది సులభంగా పట్టుబడే భాగం. కాదు, లేదు, వద్దు అనే మూడింటికీ వరుసగా హింది, వలా, హువాగ్ అనే మూడు మాటలు ఉన్నాయి. (హిందీ భాష పేరుతో మొదటి దానికి ఏ సంబంధమూ లేదు.) "హింది గురో అఙ్ బబాయె" - ఆ స్త్రీ ఉపాధ్యాయురాలు కాదు. "వలాఙ్ గురో" - ఉపాధ్యాయులు లేరు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. "కొనలేదు" అన్నప్పుడు తెలుగులో "లేదు" వస్తుంది, ఫిలిపినోలో "హింది బుమిలి" అనాలి.

చిన్న మాటలు, మర్యాద

"బా" ప్రశ్నార్థకం, తెలుగులో చివర వచ్చే "ఆ" వంటిది. కాని దాని స్థానం చివర కాదు, మొదటి పదం తరువాత. "బుమిలి బా సియా?" (ఆమె కొన్నదా?) అనే ప్రశ్నను వ్యతిరేకంగా మార్చితే "హింది బా సియా బుమిలి?" అవుతుంది. హింది ముందుకు రాగానే బా, సియా రెండూ దాని వెంట జరిగాయి. సియా అన్న సర్వనామానికి లింగభేదం లేదు, అతడు అన్నా ఆమె అన్నా అదే. మనము, మేము అనే తేడా మాత్రం ఉన్నది: మనకు "తాయో", మేముకు "కామి".

స్నేహితుని "కుమాయిన్ కా నా బా?" (తిన్నావా?) అని అడుగుతారు. పెద్దలనైతే "కుమాయిన్ నా పో బా కాయో?" (భోంచేశారా అండీ?) అంటారు. "పో" సరిగ్గా మన "అండీ". కాయో బహువచనం, "మీరు" వలె ఒక్కరికే గౌరవార్థంలో కూడా వాడతారు.

ఆయ్ వాక్యాలు

"అఙ్ బబాయె ఆయ్ బుమిలి నఙ్ ఇస్దా" అని నామాన్ని ముందుకు తెచ్చి కూడా చెప్పవచ్చు. ఇది వ్రాతలోను, ఉపన్యాసాలలోను ఎక్కువ. ఆయ్ అంటే "ఉన్నది" అనుకొనడం పొరపాటు, అది క్రమం మారిందని తెలిపే గుర్తు మాత్రమే. "అఙ్ బబాయె అఙ్ బుమిలి నఙ్ ఇస్దా" అంటే అర్థం వేరు: "చేపలు కొన్నది ఆ స్త్రీయే".

అన్యదేశ్యాలు

స్పానిష్, ఆంగ్ల పదాలు ఈ భాషలో విస్తారంగా చేరాయి. తెలుగులో ఆంగ్ల పదానికి "చేయు" తగిలిస్తాము (ఫోన్ చేయు). ఫిలిపినోలో ఆ పదమే ధాతువై, మధ్యప్రత్యయాన్ని కూడా తనలో ఇముడ్చుకొంటుంది. "టెక్స్ట్" నుండి ఏర్పడిన "టినెక్స్ట్ కో సియా" (ఆమెకు నేను సందేశం పంపాను) అన్న వాక్యంలో, "బినిలి"లో వలెనే, మొదటి హల్లు తరువాత "ఇన్" వచ్చి చేరింది.