గాజుపెట్టెలో సంజీవని

మన పుణ్యక్షేత్రాల దగ్గర ఎండి ముడుచుకున్న నాచులాంటి మొక్కను "సంజీవని" అని అమ్ముతుంటారు. నీళ్ళలో వేస్తే కొద్ది గంటల్లో విచ్చుకుంటుంది. దాని శాస్త్రీయనామం సెలాజినెల్లా బ్రయాప్టెరిస్. నిజానికది నాచు కాదు. విత్తనాలు లేకుండా సిద్ధబీజాలతో పెరిగే, రాక్షసబల్లులకన్నా ప్రాచీనమైన వంశం. హనుమంతుడు తెచ్చినది ఇదేనా అన్న చర్చను పండితులకు వదిలేస్తాను.

దీని చుట్టాలను నేను ఒమన్‌లోని ఇబ్రాలో గాజుపెట్టెలో పెంచుతున్నాను. ఈ పెట్టెకు మూలపురుషుడు నథానియల్ వార్డ్ అనే లండన్ వైద్యుడు. ఊరి పొగకు ఆయన ఫెర్న్ మొక్కలు బతికేవి కావు. 1829లో ఒక చిలుకపురుగు ప్యూపాను తడిమట్టితో సీసాలో మూసిపెడితే అందులో ఫెర్న్ మొలిచింది! ఆవిరైన నీరు అద్దానికి తగిలి తిరిగి మట్టికే చేరుతుందన్నమాట. 1833లో ఆయన పెట్టెల్లో మొక్కలు సిడ్నీకి ప్రాణాలతో చేరాయి.

మనకు సంబంధించిన కథ ఆ తర్వాతిది. మలేరియా మందు క్వినైన్ నిచ్చే సింకోనాను దక్షిణ అమెరికా నుంచి నీలగిరులకు తేవడానికి మార్కమ్ 1860లో ఇవే పెట్టెలు వాడాడు. దారిలో ఎర్రసముద్రపు వేడికి మొక్కలు పాడైపోయాయి. 1861లో రాబర్ట్ క్రాస్ తెచ్చినవి నిలిచాయి. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేనాటికి నీలగిరి క్వినైన్ వాడుకలో ఉంది.

ఇబ్రాలోనూ శత్రువు ఆ వేడే. తేమ నిలపడం సులువు. మూసిన గాజుమీద ఎండ పడితే మాత్రం మొక్క ఉడికిపోతుంది. అందుకే ఏసీ గదిలో, ట్యూబ్‌లైటు కింద ఉంచాను. ఇక్కడి ఖర్జూరాలకు ఫలజ్ కాలువ నీరు చాలు, సెలాజినెల్లాకు ఉప్పు తీసిన నీరే పోయాలి.